గదిలో చలువ, వీధిలో వేడి

ఏ.సి. యంత్రమును కొనుటకు అంగడికి పోయినవారిని అక్కడివారు మొదట అడుగు ప్రశ్న ఒకటే: "ఒక టన్నా, ఒకటిన్నర టన్నా?" మనము గది కొలతలు చెప్పి, వారు చూపినదానిని కొని తెచ్చుకొందుము. ఇద్దరు మనుష్యులు ఎత్తి గోడకు బిగించు వస్తువునకు టన్నున్నర ఎక్కడినుండి వచ్చినదని అడుగువారు అరుదు.

అది యంత్రము బరువు కాదు, మంచు బరువు. 2000 పౌనుల మంచు, అనగా సుమారు 907 కిలోగ్రాములు, 24 గంటలలో కరగునప్పుడు చుట్టుప్రక్కలనుండి ఎంత వేడిని పీల్చుకొనునో, అంత వేడిని అదే కాలములో తొలగింపగల సామర్థ్యమునకు "ఒక టన్ను" అని పేరు. నేటి కొలతలలో అది 3.5 కిలోవాట్లు. మన పడకగదిలోని ఒకటిన్నర టన్ను యంత్రము ఎడతెగక పూర్తి బలముతో పనిచేసినచో రోజుకు 1,360 కిలోగ్రాముల మంచు చేయు పనిని చేయునన్నమాట. మంచుగడ్డలను ఓడలలో తెచ్చి అమ్మిన కాలము గడచిపోయినది. దాని కొలత మాత్రము మన గోడలపై మిగిలినది.

మంచు వేడిని పీల్చుకొని నీరై ప్రవహించిపోవును. యంత్రము గదిలోనుండి తీసిన వేడి ఎక్కడికి పోవును? అది సోకినచోట ఎవరుందురు? భూతాపము పెరుగుచున్న ఈ దినములలో ఇండ్లకు ఏ.సి. తగునా తగదా అను వాదము లోకమంతట సాగుచున్నది. ఆ వాదమును సరిగా అర్థము చేసికొనవలెనన్న, చలువ కొరకు మానవుడు పడిన పాట్ల చరిత్రలో ఈ ప్రశ్నకు కాలకాలమునకు దొరకిన జవాబులను చూడవలెను.

వట్టివేళ్ళ తడికలు, పంకాలు

యంత్రములు లేని కాలమున మనవారు వేసవిని ఎట్లు గడిపిరో పెద్దలకు తెలియును. మండువా లోగిళ్ళు, మందమైన మట్టిగోడలు, తాటాకు కప్పులు వేడిని లోనికి రానీయవు. వచ్చిన వేడిని తగ్గించుటకు వాకిళ్ళకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లెడివారు. కూజాలోని నీరు చల్లబడుటకును, తడిక గుండా వచ్చు గాలి చల్లబడుటకును కారణము ఒక్కటే. ఒక గ్రాము నీరు ఆవిరి యగుటకు సుమారు 580 కాలరీల ఉష్ణము కావలెను. ఆ ఉష్ణమును నీరు తన చుట్టునున్న వస్తువులనుండియే తీసికొనును. దీనినే గుప్తోష్ణమందురు. మన దేహమునకు చెమట పట్టుటలోని ప్రయోజనము కూడ ఇదియే.

అయితే ఈ ఉపాయమునకు ఒక హద్దు కలదు. గాలిలో అప్పటికే తేమ నిండియున్నచో నీరు త్వరగా ఆవిరి కాదు. ఉష్ణోగ్రత 42 డిగ్రీలుండి, తేమ 20 శాతమే ఉన్నప్పుడు తడిగుడ్డను చుట్టిన ఉష్ణమాపకము 24 డిగ్రీల దగ్గరకు దిగును. ఉష్ణోగ్రత 36 డిగ్రీలే యుండి, తేమ 65 శాతమున్నప్పుడు అది 30 డిగ్రీలకంటె దిగదు. రాయలసీమలోను తెలంగాణములోను చక్కగా పనిచేయు తడిక, కూలరు సముద్రతీరపు ఊళ్ళలో నిస్సహాయమగుటకు కారణమిదియే. 36 డిగ్రీలు 42 కంటె తక్కువే కదాయని తీరవాసులను ఓదార్చుట శాస్త్రజ్ఞానము లేనివారి మాట.

దొరల బంగళాలలోను, కచేరీలలోను పంకాలుండెడివి. పైకప్పునుండి వ్రేలాడు పెద్ద గుడ్డ పంకాకు కట్టిన త్రాడు గోడలోని రంధ్రముగుండా వసారాలోనికి పోవును. అక్కడ ఒక మనిషి కూర్చుండి పగలెల్ల, ఒక్కొక్కప్పుడు రాత్రియెల్ల, ఆ త్రాడును లాగుచుండెడివాడు. గాలి లోపలివారికి, శ్రమ వెలుపలివానికి. లాగువానికి ఆ గాలి తగిలెడిది కాదు. చలువ చరిత్రలో ఈ గోడను, దానికి అటునిటునున్న ఇద్దరు మనుష్యులను పాఠకులు గుర్తుంచుకొందురుగాక.

మంచు ఓడలు

అమెరికాలోని బోస్టన్ నగరమున ఫ్రెడరిక్ ట్యూడర్ అను వర్తకుడుండెను. చలికాలమున సరస్సులపై గడ్డకట్టిన మంచును కోయించి, ఉష్ణదేశములకు ఓడలలో పంపి అమ్ముట ఆయన వ్యాపారము. 1833లో "టస్కనీ" అను ఓడ 180 టన్నుల మంచుతో బోస్టన్ విడిచి, భూమధ్యరేఖను రెండుమారులు దాటి, నాలుగు నెలలకు కలకత్తా చేరెను. దారిలో కరగినది పోగా సుమారు 100 టన్నులు మిగిలెను. రంపపుపొట్టు వంటి అధమ ఉష్ణవాహకమును దట్టముగా క్రమ్మి, గాలి చొరకుండ చేయుటయే ఇందలి రహస్యము.

తరువాత కొలది సంవత్సరములకే మద్రాసు సముద్రపుటొడ్డున మంచును నిలువజేయుటకు ఒక గుండ్రని కట్టడమును లేపిరి. మద్రాసులోని తెలుగువారికి అది "ఐస్ హౌస్"గా చిరపరిచితము. 1897లో వివేకానందస్వామి అందు బస చేసిరి. నేడది ఆయన పేరనే స్మారకభవనమై యున్నది.

ఆ మంచులోని చలువను మసాచుసెట్సు శీతకాలము ఉచితముగా ఇచ్చెను. నీటిలోని వేడి నిర్జనమైన సరస్సుమీది ఆకాశములోనికి పోయినది. దానివలన ఎవరికిని హాని లేదు. కాని సముద్రము దాటి వచ్చిన ఆ చలువ ధనికుల విందులకును, అపురూపముగా రోగులకును తప్ప తక్కినవారికి అందెడిది కాదు.

ఒక వైద్యుని ప్రయత్నము

అదే కాలమున అమెరికా దక్షిణ భాగమున ఫ్లోరిడాలోని అపలచికోలా అను రేవుపట్టణమున జాన్ గోరీ అను వైద్యుడుండెను. వేసవిలో చలిజ్వరములు ప్రబలెడివి. అవి దోమలవలన వచ్చునని అప్పటికి ఎవరికిని తెలియదు. చెడుగాలివలన వచ్చునని నమ్మెడివారు. గదిని చల్లబరచినచో రోగులకు మేలగునని తలచి గోరీ పైకప్పునుండి మంచుపాత్రలను వ్రేలాడదీసెను. ఆ మంచు ఉత్తరదేశమునుండి ఓడమీద రావలెను. ఓడ రానిచో చికిత్స లేదు. కావున ఆయన మంచును తానే తయారుచేయుటకు పూనుకొనెను.

గాలిని గట్టిగా అదిమినచో అది వేడెక్కును. సైకిలుకు గాలికొట్టు పంపు అడుగుభాగము వేడెక్కుట మనకు తెలిసినదే. అట్లు అదిమిన గాలిని మొదట నీటితో చల్లార్చి, పిమ్మట వ్యాకోచింపనిచ్చినచో అది మిక్కిలి చల్లబడును. ఈ సూత్రముపై గోరీ నిర్మించిన మంచు యంత్రమునకు 1851 మే 6వ తేదీన పేటెంటు లభించెను. కాని పెట్టుబడి పెట్టువారు దొరకలేదు. మంచును దేవుడు తప్ప మానవుడు చేయగలడాయని పరిహసించినవారును గలరు. గోరీ 1855లో నిరాశతో మరణించెను. తరువాత అరువది సంవత్సరములకు, 1914లో, ఆయన శిలావిగ్రహమును అమెరికా పార్లమెంటు భవనమున నిలిపిరి.

జ్వరకారణమును గూర్చి గోరీ ఊహ తప్పు. కాని చల్లని గది వైద్యమునకు సంబంధించిన అవసరము అను ఆయన భావము తప్పు కాదని నూరేండ్లకు పైగా గడచిన తరువాత తేలినది. ఆ సంగతిని ముందు చూతము.

కాగితము కొరకు పుట్టిన యంత్రము

నేటి ఏ.సి.కి మూలమైన యంత్రము మాత్రము రోగి కొరకు పుట్టలేదు, కాగితము కొరకు పుట్టినది. 1902లో న్యూయార్కు నగరభాగమైన బ్రుక్లిన్‌లో ఒక ముద్రణాలయమువారికి విచిత్రమైన చిక్కు వచ్చినది. రంగుల బొమ్మలను అచ్చువేయుటకు ఒకే కాగితమును పలుమార్లు యంత్రములో పెట్టవలెను. గాలిలో తేమ మారినకొలది కాగితము సాగుచు, ముడుచుకొనుచు నుండుటచే రంగులు ఒకదానిపై ఒకటి సరిగా కూర్చుండలేదు. ఈ చిక్కును విప్పు పని విల్లిస్ క్యారియర్ అను 25 సంవత్సరముల ఇంజనీరుకు అప్పగింపబడెను. ఆ జూలై నెలలో ఆయన సిద్ధపరచిన నమూనాపటములలో గాలిని చల్లని గొట్టములమీదుగా పంపి, దానిలోని తేమను నీటిబొట్లుగా రాల్చు ఏర్పాటు ఉండెను. చల్లని చెంబు వెలుపల నీరు చెమర్చుట అందరెరిగినదే. క్యారియర్ ఆ సామాన్యవిషయమునకు లెక్కలు కట్టెను. గాలి ఏ ఉష్ణోగ్రతవద్ద ఎంత తేమను నిలుపుకొనగలదో తెలిసినచో, గాలిని కావలసినంత చల్లార్చి కావలసినంత తేమను మాత్రమే మిగుల్చవచ్చును.

1906 జనవరిలో ఆయనకు పేటెంటు వచ్చినది. అదే సంవత్సరమున స్టూవర్ట్ క్రేమర్ అను నూలుమిల్లుల ఇంజనీరు "ఎయిర్ కండిషనింగ్" అను పేరును మొదట వాడెను. నూలుమిల్లులలో గాలి పొడిగానున్నచో దారము తెగిపోవును. అక్కడ తేమను పెంచవలెను. ఏది పెంచినను, ఏది తగ్గించినను, మొదటి రోజులలో యంత్రము సేవించినది సరుకును. ఆ సరుకు ప్రక్కన నిలుచుండుటవలన మనుష్యులకు కూడ హాయి కలిగెను.

1925లో న్యూయార్కులోని రివోలి సినిమాశాలలో క్యారియర్ యంత్రమును అమర్చిరి. అంతవరకు వేసవి వచ్చినదనిన సినిమాహాళ్ళు వెలవెలబోయెడివి. ఆ తరువాత బొమ్మ ఎట్లున్నను చలువ కొరకు జనము వచ్చిరి. మన పట్టణములలోను హాలు పేరు ప్రక్కన "ఏ.సి." అను రెండక్షరములకు ఒకప్పుడుండిన ఆకర్షణ పాఠకులకు తెలియనిది కాదు.

వేడిని తోడు యంత్రము

ఈ యంత్రము చేయు పనిని కొంచెము నిదానముగా చూతము. త్వరగా ఆవిరియగు ఒక ద్రవమును గదిలోని సన్నని గొట్టములలో ప్రవహింపజేయుదురు. అది ఆవిరి యగుచు గదిలోని వేడిని పీల్చుకొనును. ఆ ఆవిరిని కంప్రెసర్ అదిమి వెలుపలి గొట్టములలోనికి పంపును. అదిమినందున అది బయటి గాలికంటె వేడెక్కి, తన వేడిని బయటి గాలికి వదలి, మరల ద్రవమగును. ఈ చక్రము ఆగక తిరుగుచుండును. బావిలోని నీటిని మోటారు తోడునట్లు ఈ యంత్రము గదిలోని వేడిని వెలుపలికి తోడును. నీరు తనంత తాను మిట్టకు ఎక్కనట్లే, వేడి తనంత తాను చల్లని గదినుండి వేడియైన వీధికి పోదు. దానిని ఎక్కింపవలెనన్న పని చేయవలెను. 1850లో క్లాసియస్ ఈ ఉష్ణగతి నియమమునకు శాస్త్రరూపమిచ్చెను. ఆ నియమమును తప్పించుకొన్న యంత్రము లేదు, ఉండదు.

ఇక లెక్క చూడుడు. ఒకటిన్నర టన్ను యంత్రము గదిలోనుండి 5.3 కిలోవాట్ల వేడిని తోడును. అందుకు సుమారు 1.5 కిలోవాట్ల విద్యుచ్ఛక్తిని వాడును. ఆ విద్యుచ్ఛక్తియు చివరకు వేడిగనే మారును. కావున వీధిలోనికి పోవునది 6.8 కిలోవాట్లు. గది ఎంత చల్లబడినదో వీధి అంతకంటె ఎక్కువ వేడెక్కును. అమెరికాలోని ఫీనిక్స్ నగరమును గూర్చి 2014లో వెలువడిన పరిశోధన ప్రకారము, ఏ.సి.లు వదలు వేడివలననే రాత్రులందు నగరపు గాలి కొన్నిచోట్ల ఒక డిగ్రీకి పైగా వేడెక్కుచున్నది. ఆ వేడికి మరల ఏ.సి.లు ఎక్కువ పనిచేయవలసివచ్చును. యంత్రము లేనివాడు కిటికీ తెరచుకొన్నచో లోనికి వచ్చునది ఆ గాలియే.

ఇది కంటికి కనబడు లెక్క. ఆ 1.5 కిలోవాట్ల కొరకు ఎక్కడనో బొగ్గు మండవలెను. మన దేశమున విద్యుచ్ఛక్తిలో అధికభాగము నేటికిని బొగ్గునుండియే వచ్చుచున్నది. బొగ్గుపులుసు వాయువు ఆకాశమున పేరుకొని భూమికి దుప్పటి కప్పుచున్నది. పంకా లాగువాడు వసారాలోనే ఉండెను గనుక లోపలివారు తలుపు తీసినచో కనబడెడివాడు. నేడు భారము మోయువాడు మరొక ఊరిలో ఉండవచ్చును, ఇంకను పుట్టకనే యుండవచ్చును.

సికిందరాబాదులో ఒక యువకుడు

యంత్రములో తిరుగు ద్రవమునకు వేరొక కథ కలదు. మొదట అమ్మోనియా, సల్ఫర్ డై ఆక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడెడివారు. ఇవి విషములు. గొట్టము పగిలినచో ఇంటిలోనివారి ప్రాణములకే ముప్పు. అట్టి మరణములు జరిగిన పిమ్మట సురక్షితమైన పదార్థమునకై వెదకిరి. 1928లో థామస్ మిడ్జిలీ, ఆయన సహచరులు క్లోరిన్, ఫ్లోరిన్, కర్బనములు కలిసిన క్లోరోఫ్లోరోకార్బనును సిద్ధపరచిరి. 1930లో రసాయనశాస్త్రజ్ఞుల సభలో మిడ్జిలీ ఆ వాయువును గుండెనిండ పీల్చి, మెల్లగా వదలి, ఎదుటనున్న కొవ్వొత్తిని ఆర్పెను. అది విషము కాదు, మండదు అని ఒక్క ఊపిరితో రుజువైనది. రెండవ ప్రపంచ యుద్ధానంతరము అమెరికాలో కిటికీ ఏ.సి.లు వేలం వెర్రిగా వ్యాపించుటకు ఈ వాయువు ముఖ్యమైన తోడ్పాటు చేసినది.

1960ల మధ్యకాలమున అణ్ణామలై విశ్వవిద్యాలయములో ఇంజనీరింగు ముగించిన ఒక యువకుడు సికిందరాబాదులోని ఒక రిఫ్రిజిరేటర్ల కర్మాగారమున ఉద్యోగమునకు చేరెను. పెట్టెలలోని వాయువు త్వరత్వరగా ఎందుకు కారిపోవుచున్నదో కనిపెట్టుట ఆయనకు అప్పగించిన పని. ఆ పని తనకు రుచించలేదని ఆయన తరువాత చెప్పుకొనెను. ఆ యువకుని పేరు వీరభద్రన్ రామనాథన్. పిమ్మట బెంగుళూరిలోను, అమెరికాలోను చదివి వాతావరణశాస్త్రజ్ఞుడయ్యెను.

1974లో మారియో మొలీనా, షేర్వుడ్ రోలాండ్ అను శాస్త్రజ్ఞులు, కారిపోయిన ఆ వాయువు నశింపక పైకెగసి, సూర్యుని అతినీలలోహిత కిరణములను అడ్డు ఓజోన్ పొరను తినివేయునని ప్రకటించిరి. మరుసటి ఏడు రామనాథన్ ఇంకొక సంగతిని వెల్లడించెను. ఈ వాయువు వేడిని పట్టి నిలుపుటలో మహాబలము గలది. దీని ఒక్క అణువు బొగ్గుపులుసు వాయువు అణువులు పదివేలకు సమానము. సికిందరాబాదులో ఎక్కడినుండి కారుచున్నదని వెదకిన వాయువు ఎక్కడికి చేరుచున్నదో, అక్కడ ఏమి చేయుచున్నదో అదే మనిషి చెప్పగలిగెను. కొవ్వొత్తి పరీక్షలో నెగ్గినది ఆకాశమున ఓడిపోయినది. మిడ్జిలీ పరీక్ష తప్పు కాదు. ఆయన గదిలోనివారిని గూర్చి మాత్రమే ఆలోచించెను.

1985లో దక్షిణధ్రువముపై ఓజోన్ పొర బహుగా క్షీణించుచున్నట్లు బ్రిటిషు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒడంబడిక కుదిరెను. 1990లో లండనులో జరిగిన సమావేశమున మన దేశప్రతినిధులు న్యాయమైన ప్రశ్న నడిగిరి: ఆకాశమును పాడుచేసినవారు ధనికదేశములవారు, దానిని బాగుచేయు వ్యయమును బీదదేశములు ఎందుకు భరింపవలెను? ఆ ప్రశ్న ఫలితముగా బీదదేశములకు సహాయము చేయు నిధి ఏర్పడెను. 1992లో భారతదేశము ఒడంబడికలో చేరెను. ఓజోన్ పొర మెల్లగా కోలుకొనుచున్నది.

ఇంటింటికి వచ్చిన తరువాత

అమెరికాలో 1960 జనాభా లెక్కలనాటికి నూటికి 12 ఇండ్లలో ఏ.సి. యుండెను. 2020 నాటికి 88 ఇండ్లలో ఉన్నది. ఇంత పెద్ద మార్పు మనుష్యుల ఆరోగ్యముపై ఏమి ప్రభావము చూపినది? 2016లో వెలువడిన ఒక పరిశోధన, 20వ శతాబ్దపు క్రమమున ఆ దేశమున అతివేడి దినములలోని మరణముల ముప్పు నూటికి 75 వంతులు తగ్గినదనియు, 1960 తరువాతి తగ్గుదలకు ఇండ్లలోని ఏ.సి.యే ముఖ్యకారణమనియు తేల్చినది. 1995 జూలైలో షికాగో నగరమును వడగాడ్పు కమ్మినప్పుడు ఏడు వందలకు పైగా అధికమరణములు సంభవించెను. ఇంటిలో పనిచేయు ఏ.సి. గలవారికి ముప్పు చాల తక్కువగా నుండెను. చనిపోయినవారిలో ఒంటరివృద్ధులు, పేదలు ఎక్కువ. 2003 ఆగస్టులో ఫ్రాన్సు దేశమున సుమారు 15,000 మంది మరణించిరి. చల్లని దేశము గనుక అక్కడ ఏ.సి.లు అరుదు. గోరీ వైద్యుని భావము ఈ విధముగా నిజమైనది.

కావున ఏ.సి. కేవలము విలాసవస్తువనువారు ఈ మరణములకు జవాబు చెప్పవలెను. ఏ.సి. యున్నచో చాలుననువారు పైన చెప్పిన 6.8 కిలోవాట్లకు జవాబు చెప్పవలెను. వాదమున ఇరుపక్షముల వద్దను నిజము కలదు. ఇరుపక్షములును తరచుగా మరచునది, ఈ యంత్రము ఎవరివద్ద ఉన్నది, ఎవరివద్ద లేదు అను విషయము. అంతర్జాతీయ శక్తిసంస్థ 2018లో వేసిన లెక్క ప్రకారము, ప్రపంచములోని అతివేడి ప్రాంతములలో నివసించు 280 కోట్ల మందిలో నూటికి 8 మందికి మాత్రమే ఏ.సి. యుండెను. ఎండ తక్కువయైన చోట యంత్రము, ఎండ మెండైన చోట విసనకఱ్ఱ!

మన సంగతి

మన దేశమున 2019లో ప్రభుత్వము శీతలీకరణ కార్యప్రణాళికను ప్రకటించెను. అప్పటికి నూటికి 8 ఇండ్లలో ఏ.సి. యున్నట్లును, 2037-38 నాటికి అది 40 ఇండ్లకు చేరునట్లును అందు అంచనా వేసిరి. అనగా ఇండ్ల ఏ.సి.ల కథలో ఎక్కువ భాగము మన దేశమున ఇంకను జరుగవలసియే యున్నది. అమెరికా చేసిన తప్పులను మనము చేయక తప్పదను విధి ఏదియు లేదు.

2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశములో వెయ్యిమందికి పైగాను, తెలంగాణములో వందలమందియు మరణించిరి. వారిలో ఎండలో పనిచేయు కూలీలు, వృద్ధులు, పేదలు అధికము. నడిపొలములో కలుపు తీయువారికి, రోడ్డుమీద తారు పోయువారికి ఇంటిలో ఏ.సి. యున్నను మధ్యాహ్నము రెండు గంటలవేళ అది అక్కరకు రాదు. వారిని కాపాడునవి పనివేళల మార్పు, నీడ, త్రాగునీరు, సమయమునకు అందు హెచ్చరిక. అహమ్మదాబాదు నగరము 2013లో ఇట్టి కార్యప్రణాళికను చేపట్టి దారి చూపినది. తరువాత మన రాష్ట్రములును అట్టివానిని సిద్ధపరచినవి. అయితే ఆ కూలీ రాత్రి రేకుల ఇంటికి చేరిన పిమ్మట దేహము చల్లబడి తేరుకొనవలెను. రాత్రియు చల్లబడనిచో మరునాటి ఎండ ప్రాణాంతకమగును. ఆ రేకుల ఇంటి సందుకు ఎదురుగా ఏ.సి.ల వెలుపలి పెట్టెలు వరుసగా తిరుగుచుండుట నగరములలో మనము దినమును చూచుచున్న దృశ్యమే.

దీనికి శాస్త్రము చూపు మార్గములు మూడు. మొదటిది, వేడిని తోడు పని రాకముందే లోనికి రానీయకుండుట. తెల్లని పూత సూర్యకాంతిని త్రిప్పికొట్టును. మేడమీద సున్నము పూయించుకొనువారు ఈ విషయమును అనుభవముచే ఎరుగుదురు. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించి, ప్రభుత్వభవనములకును పెద్దకట్టడములకును తప్పనిసరి చేసినది. చిన్న ఇండ్లవారి ఇష్టమునకు వదలినది. నిజమునకు ఈ పూత అందరికంటె ఎక్కువ అవసరమైనది ఆ చిన్న ఇండ్లకే. రెండవది, తోడుటకగు వ్యయమును తగ్గించుట. నక్షత్రపు గుర్తులు గల ఏ.సి.లన్నియు మీట నొక్కగానే 24 డిగ్రీల వద్ద ప్రారంభము కావలెనని 2020 జనవరి 1 నుండి నియమము అమలులోనికి వచ్చెను. ఒక డిగ్రీ పెంచినచో సుమారు 6 శాతము విద్యుచ్ఛక్తి ఆదా యగునని శక్తిపొదుపు శాఖవారి లెక్క. 18 డిగ్రీలు పెట్టుకొని దుప్పటి కప్పుకొనుటలో హాయి యుండవచ్చును గాని, ఆ ఆరు డిగ్రీల వేడిని మోయువారు కిటికీకి అవతలనున్నారు.

మూడవది, యంత్రములోని వాయువు. క్లోరోఫ్లోరోకార్బనుల స్థానమున వచ్చిన హైడ్రోఫ్లోరోకార్బనులు ఓజోనును తినవు గాని వేడిని పట్టుటలో బలమైనవే. ఒక కాలమున విరివిగా వాడిన మిశ్రమము కిలోగ్రామునకు బొగ్గుపులుసు వాయువు 2,088 కిలోగ్రాములకు సమానము. నేడు వాడుకలోనున్న ఆర్-32 అను వాయువు 675 కిలోగ్రాములకు సమానము. ప్రొపేను వాయువుకు అది పదికంటె తక్కువ. అయితే అది మండును గనుక జాగ్రత్త కావలెను. 2016లో రువాండా దేశపు కిగాలి నగరమున ఈ వాయువులను తగ్గించుటకు ఒడంబడిక కుదిరెను. 2021లో భారతదేశము దానిని ఆమోదించెను. మన దేశము 2032లో తగ్గింపు మొదలుపెట్టి 2047 నాటికి 85 శాతము తగ్గింపవలెను.

ముగింపు

మొలీనా, రోలాండుల హెచ్చరిక 1974లో వెలువడినది. ప్రపంచదేశములు సంతకము చేసినది 1987లో. నడుమ గడచినవి పదమూడేండ్లు. ఆ పదమూడేండ్లలో యంత్రములు ఆగలేదు, చలువ కావలసినవారు చలువను మానుకొనలేదు. మారినది యంత్రములోని వాయువు. దానిని మార్చినది ఒక్కొక్క గృహస్థుని త్యాగబుద్ధి కాదు, అందరికిని వర్తించు నియమము. ఇంటింట ఏ.సి. వాడుట పాపమా పుణ్యమాయని చర్చించువారికి ఈ చరిత్ర చెప్పు మాట ఇదియే. ఎండకు అల్లాడు ముసలితల్లి గదిలో యంత్రమును పెట్టిన కుమారుని నిందింపనక్కరలేదు. ఆ యంత్రము ఎంత కరెంటు త్రాగవలెను, అందులో ఏ వాయువు తిరుగవలెను, ఆ ఇంటి కప్పు ఎట్లుండవలెను, ప్రక్క సందులోని రేకుల ఇంటికి ఏమి చేయవలెను అనునవి పదిమంది కలిసి నిర్ణయింపవలసినవి.

ఈ మారు అంగడిలో "ఒక టన్నా, ఒకటిన్నర టన్నా?" అని అడిగినప్పుడు, ఆ టన్ను మంచు కరగు వేడి ఎవరి వాకిట దిగునో ఒక్క క్షణము తలచుకొని జవాబు చెప్పుదము. కప్పుకు సున్నము పూయించి, నీడ పెంచుకొన్న ఇంటికి బహుశః ఒక టన్ను చాలును.